మడత మంచం

భవనాన్ని కూల్చేస్తున్నారని, నెలాఖరులోగా అందరూ ఖాళీ చెయ్యాలని కింద ఉత్తరాల పెట్టెల పక్కన కాగితం అంటించిన రోజు సాయంత్రమే వదినకు కూతురు ఫోన్ చేసింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు వింది. ఫోన్ పెట్టేసి ఇవతలికి వచ్చి ఒక్కమాట అంది.

"అమ్మాయి వచ్చెయ్యమంది."

ఎవర్ని రమ్మందో ఆ మాటలో లేదు. చిట్టి అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

చిట్టికి అరవై ఒకటి. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తను పదిహేనేళ్ళ పిల్ల; అప్పటి ముద్దుపేరే అలా ఉండిపోయింది. పెళ్ళి కాలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, అంతే. ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ముప్ఫై ఒక్కేళ్ళు దుప్పట్లు మడిచింది. చిరుగున్నవి ఒక కుప్ప, మరకున్నవి ఒక కుప్ప, బాగున్నవి ఒక కుప్ప. అన్నయ్య పోయి పంతొమ్మిదేళ్ళయింది. అప్పట్నించీ మూడో అంతస్తులోని ఆ రెండు గదుల్లో వదినా ఆడపడుచులు ఇద్దరే. వదిన కిటికీ దగ్గర కుట్టుమిషన్ పెట్టుకుని వీధిలోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేసేది, జిప్పులు మార్చేది. చిట్టి వండేది. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అంటారు. వీళ్ళిద్దరూ ఒకే దుప్పటి కాళ్ళమీద కప్పుకుని టీవీ చూసేవాళ్ళు. టీలో పంచదార ఎంత వెయ్యాలన్న ఒక్క విషయంలోనే పోట్లాట.

"పోన్లే వదినా, ఈ వయసులో ఇల్లు వెతుక్కునే పని తప్పింది. ఎంతైనా మన చేతుల్లో పెరిగిన పిల్ల," అంది చిట్టి ఆ సాయంత్రం.

వదిన ఊఁ అని, మిషన్‌లో దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

కూతురి ఇల్లు చిన్నది. సామానంతా అక్కడికి పట్టదు. అమ్ముదామంటే అంత పాతవి కొనేవాడు లేడు. ఆ పేటవాళ్ళకి ఫోన్‌లో ఒక గ్రూపుంది. ఇంట్లో వద్దనుకున్నవి ఫొటో తీసి పెడితే, కావలసినవాళ్ళు వచ్చి ఊరికే పట్టుకుపోతారు. పెట్టే పని చిట్టి నెత్తినేసుకుంది. ఫొటోలు తీసేది, కింద రాసేది. "కుర్చీ. వెనక ఎడమ కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టాలి. అట్టముక్క కూడా ఇస్తాం." "గోడ గడియారం. రోజుకి ఏడు నిమిషాలు వెనక. పొద్దున్నే సరిచేసుకుంటే సాయంత్రం దాకా ఫరవాలేదు." దుప్పట్ల దగ్గర నేర్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"సంబంధం చూడ్డానికొచ్చిన వాళ్ళకి పిల్ల వంకలన్నీ ముందే చెప్పేసినట్టుంది నీ వరస," అని వదిన నవ్వింది.

"తీసుకెళ్ళాక తిట్టుకోవడం కంటే ఇదే నయం."

జనం బాగానే వచ్చారు. భోజనాల బల్లకి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చి, మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుపోయి, బల్లకి చెరో పక్కన నిలబడి గంటసేపు వాదించుకున్నారు. బొమ్మలు గీయడం నేర్పే మాస్టారొకాయన అట్టముక్క కుర్చీని పట్టుకుపోయాడు. వంకరగా ఉంటేనే పిల్లలకి గీయడం వస్తుందట. మిక్సీ కోసం వచ్చినావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకంటే కొత్తది లేదా అండీ?" అంది. ఊరికే వస్తుందంటే నాకొకటి, మా తమ్ముడికొకటి అనే రకం ఒకాయన గిన్నెలకని వచ్చి కిటికీ తెరలు కూడా విప్పుకుపోయాడు. చిట్టి అందరికీ టీ ఇచ్చింది. ఉద్యోగం మానేశాక ఆ గడప దాటి అంతమంది లోపలికి రావడం అదే మొదలు. సాయంత్రమయ్యేసరికి ఎవరు ఏం పట్టుకెళ్ళారో, ఏమన్నారో వదినకి పూసగుచ్చినట్టు చెప్పేది. వదిన వింటూ, అప్పుడప్పుడూ కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

తనకంటూ చిట్టి ఉంచుకున్నది ఒక పెట్టె, ఒక దిండు, తన మడత మంచం. వదిన కుట్టు టేపు తీసుకుని చిట్టి ఆ మంచం వెడల్పు కొలిచింది.

"అమ్మాయి ఇంట్లో వరండా ఉంది కదా, అక్కడ వేసుకుంటా. పొద్దున్నే మడిచి గోడకి ఆనిస్తే ఎవరికీ అడ్డం ఉండదు. ఏమంటావు?"

"చూద్దాం," అంది వదిన.

ఆదివారం కూతురొచ్చింది. తల్లి బట్టలు రెండు సంచుల్లో సర్దింది. "ఎలా ఉన్నావత్తా?" అని అడిగి, జవాబు వినేలోపు ఫోన్ పట్టుకుని గదుల్లో తిరిగింది. చిన్నప్పుడు చిట్టి దానికి జడలు వేసింది, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది, చికెన్‌పాక్స్ వస్తే పదకొండు రోజులు పక్కనే కూర్చుంది. ఆ రోజు వెళ్ళేటప్పుడు దానికిష్టమని బిస్కెట్ల డబ్బా చేతిలో పెడితే, "ఇవన్నీ ఎందుకత్తా," అంటూ మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున చిట్టి టీ తాగుతూ ఫోన్ తెరిచింది. గ్రూపులో కొత్త ఫొటో ఉంది. ఆకుపచ్చ గళ్ళ దుప్పటి పరిచిన మడత మంచం. వెనక తన పెట్టె, పెట్టె మీద తన కళ్ళజోడు. "ఒక మనిషికి సరిపోతుంది. గట్టిగా ఉంది. నెలాఖరులోగా తీసుకెళ్ళాలి." పెట్టింది మేనకోడలు. కింద ఎవరో "మాకు కావాలండీ" అన్నారు. దాని కింద "మీదే. బుధవారం పొద్దున రండి" అని జవాబు కూడా ఉంది.

చిట్టికి ముందు కోపం రాలేదు. సంతోషం వేసింది. పాత మంచం ఇచ్చేస్తున్నారంటే తనకక్కడ కొత్తది కొన్నారన్నమాట! పిచ్చిపిల్ల, చెప్తే వద్దంటానని చెప్పలేదు కాబోలు. ఫోన్ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

"చూశావా నీ కూతురి పని? నాకు కొత్త మంచం ఎందుకు వదినా ఇప్పుడు? ఇది బానే ఉందిగా."

వదిన మిషన్ ఆపింది. చక్రం మీద చెయ్యి అలాగే ఉంది. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది తప్ప తల ఎత్తలేదు.

"కొన్లేదు చిట్టీ."

"మరి?"

"అక్కడ చోటు లేదు."

"వరండా..."

"వరండాకి అద్దాల తలుపులు బిగించేశారు. అల్లుడు ఆఫీసు పని అక్కడే చేసుకుంటాడు. నాకే పిల్లల గదిలో కింద పక్క వేస్తారట."

చిట్టి కుర్చీ కోసం చూసింది. కుర్చీలు ఇచ్చేశారు. గోడకి ఆనుకుని నిలబడింది.

"మరి నేను?"

వదిన నీళ్ళు నమిలింది. ఒక్కొక్క మాటే పైకి వచ్చింది. ఒంటరి ఆడవాళ్ళ కోసం ఒక హోమ్ ఉందట. పాత బస్సు డిపో వెనక. అమ్మాయి వెళ్ళి చూసొచ్చిందట. శుభ్రంగా ఉందట. డాక్టరు వారానికోసారి వస్తాడట. మంచం, పరుపు వాళ్ళే ఇస్తారట, బయటివి రానివ్వరట.

"పేరు రాయించారా?"

"రాయించాం."

"ఎప్పుడు?"

"కాగితం అంటించిన మూడో రోజు."

కింద వీధిలో ఎవరో లారీ వెనక్కి తీయిస్తూ "రానీ, రానీ" అని అరుస్తున్నారు.

"ఇన్నాళ్ళూ నేనిక్కడ అందరికీ టీలు పోసి, వచ్చినవాళ్ళకల్లా మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోతున్నాం అని చెప్తుంటే వింటూ కూర్చున్నావా వదినా?"

"ఎలా చెప్పనే? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇద్దరం వస్తామంటే అసలు ఎవర్నీ తీసుకోలేనంది అమ్మాయి. నీ సంతోషం చూస్తే నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను."

"నాతో పాటు నువ్వూ ఆ హోమ్‌కి వస్తే?"

ఆ మాట చిట్టి మెల్లిగా, దాదాపు సిగ్గుపడుతూ అడిగింది. వదిన ఏడుపు మొదలుపెట్టింది. చిట్టికి జవాబు అందింది.

మధ్యాహ్నం ఆమె తనతో పనిచేసిన ఇద్దరికి ఫోన్ చేసి, ఉండడానికి చోటుందేమో అడిగింది. ఒకరు అయ్యో అన్నారు. రెండోవాళ్ళు కోడలితో మాట్లాడి చెప్తామన్నారు, చెప్పలేదు. సాయంత్రం గ్రూపులో ఒక సందేశం పెట్టింది. "చిన్న గది కావాలి. మెట్ల కింద ఉన్నా చాలు. వంట వచ్చు, బట్టల పని వచ్చు. ఒక్కదాన్నే. వినికిడి కొంచెం తగ్గింది." అక్కడ కూడా వంక దాచలేదు. ఎవరో దండం బొమ్మ పెట్టారు. గ్రూపు నడిపేవాళ్ళు "ఇక్కడ వస్తువులు మాత్రమే, దయచేసి" అని రాశారు. ఇంకాసేపటికి ఆ సందేశం కనపడలేదు.

బుధవారం పొద్దున మంచం కోసం వచ్చినవాడు బేకరీలో పనిచేసే మనిషి. చొక్కా చేతుల మీద ఇంకా పిండి ఉంది. వాళ్ళమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిందట, మర్నాడు ఇంటికి పంపిస్తున్నారట.

వదిన గుమ్మానికి అడ్డం వచ్చింది. "బాబూ, ఏమనుకోకు, నెలాఖరుకి వచ్చి తీసుకెళ్ళు. ఇంకా ఎనిమిది రోజులుంది కదా."

అతను ఇద్దరి ముఖాలూ చూసి, "మీలో ఎవరికైనా అవసరమైతే వద్దులెండి, నేను ఇంకోటి చూసుకుంటాను," అన్నాడు.

"అవసరం లేదు," అంది చిట్టి. "మాట ఇచ్చారుగా. పట్టు, నేనో పక్క పట్టుకుంటా." దుప్పటి తీసి మడిచి పక్కన పెట్టింది. "కాళ్ళ వైపు స్ప్రింగు ఒకటి వదులు. పక్కకి తిరిగితే కిర్రుమంటుంది. మీ అమ్మగారికి తల ఇటువైపు పెట్టమని చెప్పు."

ఇద్దరూ కలిసి మూడంతస్తులు దించారు. మలుపు మలుపుకీ అతను "జాగ్రత్త పెద్దమ్మా" అంటూనే ఉన్నాడు. కింద రిక్షా బండి మీద తాడుతో కట్టుకుని, రెండు చేతులూ జోడించి, "మా అమ్మ మీ పేరు చెప్పుకుంటుంది," అని వెళ్ళిపోయాడు. పేరు మాత్రం అడగలేదు.

తర్వాత ఎనిమిది రోజులూ చిట్టి నేలమీద పడుకుంది. తన మంచం మీద సగం చోటు ఉందని వదిన రోజూ అంది. అడిగిన ప్రతిసారీ చిట్టి, "నాకిక్కడ బానే ఉంది," అంది. వంట చేసింది, గిన్నె గిన్నె కడిగి ఇచ్చేసింది, వదిన మాత్రలు టైముకి చేతిలో పెట్టింది. వదినకి తిట్లే నయమనిపించింది. రెండుసార్లు తనే గొడవ పెట్టుకోబోయింది. చిట్టి పోట్లాటకి కూడా రాలేదు.

ఆఖరి రోజు కూతురు కారు తెచ్చింది. ముందు హోమ్ దగ్గర ఆపారు. పొడుగాటి హాలు, ఎనిమిది మంచాలు, ప్రతి మంచం పక్కనా తాళం లేని చిన్న అలమర. చిట్టిది తలుపు పక్క మంచం. తలుపు తెరిచినప్పుడల్లా దాని అంచు మంచానికి తగులుతుంది. కూతురు కాగితాల మీద సంతకం పెట్టి, "ఆదివారాలు వస్తుంటాం అత్తా," అంది. చిట్టి దాని తలమీద చెయ్యి వేసింది. అలవాటు కొద్దీ వేసింది, వెంటనే తీసేసింది.

వదిన మొదటిసారి వెళ్ళడానికి నెల పట్టింది. పిల్లల బడి, కూతురి ఉద్యోగం, తీరిక లేదు. రెండు బస్సులు మారి, బిస్కెట్లు కొనుక్కుని వెళ్ళింది. చిట్టి చిక్కిపోయి ఉంది. లేచి నిలబడి, "రండి, కూర్చోండి," అంది.

వదిన వెనక్కి తిరిగి చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"నన్నేనా?" అంది.

"బస్సులో సీటు దొరికిందాండీ? అమ్మాయిగారు బాగున్నారా?"

నలభై ఆరేళ్ళలో చిట్టి ఆమెని ఒక్కసారి కూడా మీరు అనలేదు. కోపంలోనూ లేదు, అన్నయ్య శవం ముందూ లేదు. వదిన బిస్కెట్ల పొట్లం మంచం మీద పెట్టింది. ఇంట్లో సంగతులు చెప్పింది. కుట్టుమిషన్ చప్పుడుకి పిల్లల చదువు పాడవుతోందని అల్లుడంటే అదీ ఇచ్చేశానని చెప్పింది. రోజంతా నోరు విప్పే పని ఉండదని, ఎవరి ఫోన్లు వాళ్ళవేనని చెప్పింది. "అలాగాండీ," అంటూ చిట్టి మర్యాదగా వింది. చూడవచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట మోగగానే, "చీకటి పడుతుంది, బయల్దేరండి," అని తలుపు దాకా వచ్చింది.

ఇంకో రెండుసార్లు వెళ్ళింది వదిన. రెండుసార్లూ అంతే. తర్వాత మోకాళ్ళు వాచి మెట్లు దిగలేకపోయింది. తీసుకెళ్ళమని కూతుర్ని అడిగింది. వచ్చే వారం అంది కూతురు. నాలుగు వారాల తర్వాత అడగడం మానేసింది.

ఫోన్ మాత్రం చేసేది. హోమ్‌లో అందరికీ కలిపి ఒకటే ఫోన్. ఎవరో ఎత్తి, చిట్టిని పిలిచేవారు. "బాగున్నానండి. మీరు బాగున్నారా? ఉంటానండి." అంతే మాటలు. ఆ మాటల కోసమే వదిన వారమంతా ఎదురుచూసేది.

వర్షాలు మొదలైన వారం ఫోన్ చేస్తే పనమ్మాయి ఎత్తింది. పిలవడానికి వెళ్ళి, తిరిగొచ్చింది.

"ఆవిడ రానన్నారండి."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నారండి. కిటికీ దగ్గర కూర్చున్నారు. ఏమైనా చెప్పమంటారా?"

వదిన ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. పిల్లల గదిలో ఎవరూ లేరు.

"ఏం లేదమ్మా," అంది. "ఊరికే చేశాను."