వంకర తీసిన బోర్డు

ఆయన ఇంట్లో గోడ కనపడేది కాదు. ఎటు చూసినా రైలు స్టేషన్ల పాత ఎనామెల్ బోర్డులే. వంటింటి తలుపు మీద "పట్టాలు దాటరాదు" అని ఉండేది. భార్య దాన్ని చూసి, "నేనెప్పుడు దాటి చచ్చాను గనక" అనేది.

ఇన్నేళ్ళూ ఆయన వెతికింది మాత్రం ఒక్కదాని కోసమే. నాన్న పచ్చజెండా ఊపిన చిన్న స్టేషను పేరు బోర్డు. పట్టాలు పీకేశాక స్టేషను కూలింది, ఊరు చెదిరింది. ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు.

చివరికి పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికింది. ఎవరో కోళ్ళ గూటికి కప్పుగా వేసుకున్నారట, నడుమ దగ్గర వంగిపోయింది. వంపు వెంట పెచ్చులు లేచినా, నీలం మీద తెల్లటి అక్షరాలు ఒక్కటీ చెడలేదు. వేలితో తడిమితే అక్షరం అంచు తగిలేది. అది పెయింటు కాదు, ఇనుము మీద కొలిమిలో కరిగించిన గాజు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మాట ఖర్చుపెట్టే మనిషి కాదు.

బావమరిదిది వెల్డింగు పని. "ఇంత వెతికి తెచ్చుకున్నావు, ఈ వంకర చూస్తే కష్టంగా లేదా బావా?" అన్నాడు.

"ఉంటుంది మరి."

ఆ ముక్క బావమరిది మనసులో పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో లేని పూట బోర్డును షాపుకు మోసుకుపోయి, గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, సుత్తితో సాపు చేశాడు. సాయంత్రం తెచ్చి గోడకు ఆనించాడు.

"స్కేలు బద్ద పెట్టి చూసుకో బావా. వెంట్రుకవాసి తేడా ఉంటే అడుగు."

నల్లటి ఇనుము. ఒక్క అక్షరం లేదు.

"రాలిన పెచ్చులేవిరా?" అంది భార్య తమ్ముడితో.

"ఊడ్చేశానక్కా. రంగుదేముంది, పేరు చెప్పు బావా, రేపే రాయించేస్తా."

నాన్న నోట విన్న పేరు ఆయన గొంతుదాకా వచ్చింది. చెబితే రాయించి తెస్తాడు. చూసినవాళ్ళంతా అదే బోర్డు అనుకుంటారు.

"వద్దులే."

"మీరైనా ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది" అంది భార్య. ఆయన తలూపాడు.

బావమరిది గోడలు పరికించాడు. "ఆ వెయిటింగు రూము బోర్డు కూడా మూల వంగింది బావా. ఇంకో రెండు మూడున్నాయి."

"అన్నీ తీసుకెళ్ళు."

బావమరిది మొహం విప్పారింది. ఇన్నేళ్ళలో బావ తనకొక పని అప్పజెప్పడం ఇదే మొదలు. బండి తేవడానికి పరిగెత్తాడు. ఆయన లేచి, మేకులు పీకడం మొదలుపెట్టాడు.