కెంపడు, బూదోడు, ఒక అడ్డగీత

తాడుకు ఆరేసిన ఐదు కాగితాల మీదా అచ్చైన ఎద్దుల జతను చూసి గాదిలింగప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఎద్దులు నావి కాదు."

"నీవే తాతా. పోయినేడు నువ్వు బండి తోల్తాంటే నీ యెనక కూర్చోని గీసుకున్న్యా," అంది సుమ.

సుమ బళ్ళారిలో బొమ్మల కోర్సు ఆఖరి ఏడు చదువుతోంది. మట్టి బొమ్మల పరీక్షలో చేసిన మేక మార్కులు మేసేసింది. మిగిలింది ఈ అచ్చుల పరీక్ష, అదీ రేపే. అచ్చోసిన ఆంబోతులు సిరుగుప్పకు కొత్త కాదుగానీ, అచ్చేసిన కాడెద్దులను మాత్రం ఊరు ఇప్పుడే చూస్తోంది.

"కొమ్ము విరిగినోడు కెంపడు. వాడెప్పుడూ ఎడమ పక్కే. పదేండ్లు ఆడనే నడిచినాడు. ఈడ చూస్తే కుడి పక్క, బూదోని జాగాలో నిలబడుండాడు. ఏమ్మే, మీ కాలేజీలో ఎద్దులు రాంగ్ సైడ్ పోతాయా?"

సుమ నాలుక కరుచుకుంది. లినో అనే మెత్తటి పలక మీద చెక్కింది కాగితం మీద కుడిఎడమలవుతుంది. అందుకే ముందే తిరగేసి చెక్కాలి. తొందరలో ఉన్నది ఉన్నట్టు చెక్కేసింది. సరిగ్గా చెక్కడమే సరికాకుండా పోయింది.

"పలక మీద సరిగ్గానే ఉండారు, చూడు," అని తెచ్చి చేతిలో పెట్టింది.

గాదిలింగప్ప కొమ్ముల గాట్ల మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు. ఆషాఢంలో ఎద్దులను సంతలో అమ్మేశాక వాటిని ఎవరి జాగాలో వాళ్లుగా చూడటం ఇదే మొదటిసారి. ఇంట్లో మూడు ఫోన్లున్నా, ఎద్దులకు ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు.

"ఇది నాకియ్యమ్మే. గోడకు పెట్టుకుంటా."

"ఇస్తా. కానీ ముందు దీన్ని కత్తితో గీకల్ల తాతా."

"ఏంది?"

"ఐదు అచ్చులు తీసినాక పలకను చెడగొట్టల్ల. మళ్లా ఎవరూ తీసుకోకుండా. గీత పడిన ఆరో అచ్చు కూడా ఇయ్యకపోతే సారు ఫెయిల్ చేస్తాడు."

గీత పడితేగానీ మార్కులు పడవు. పలక మీద గాదిలింగప్ప పట్టు బిగిసింది.

"యాడ గీకల్ల?"

"బొమ్మ మీద యాడైనా సరే, కండ్లకు కనపడల్ల. అందరూ ఈ మూల నుంచి ఆ మూలకు కొడతారు."

"అట్ల కొడితే ఇద్దరి నడుములూ తెగుతాయి కదే!"

సుమ కత్తి పట్టుకుని నిలబడింది. బలవంతంగా లాక్కునే ఉద్దేశం ఆమెకు లేదు. ఇంకో పలక చెక్కే టైమూ లేదు.

గాదిలింగప్ప పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి రెండు మెడల మీదుగా పోయిన కాడి మీద గోరు ఆనించాడు.

"ఈడ కొట్టు. ఇంక నా కాడి కింద లేరు కదా వాళ్లు."

సుమ ఈ కొస నుంచి ఆ కొసకు కాడిని కోసేసింది. ఇంకు పూసి, కాగితం పరిచి, గరిటె వెనక భాగంతో రుద్ది లేపింది. మెడల మీద తెల్లటి గీత. ఎద్దులకు ఎక్కడా దెబ్బ తగల్లేదు.

గాదిలింగప్ప కాగితం వంక చూడలేదు. పలకను ముందుకు లాక్కున్నాడు.

"ఈ మసి దేంతో పోతాదే?"

"కిరసనాయిలుతో."

"తే."