కత్తిరించని వేలు

"వేలి ముక్క క్యారెట్లలో పడలేదు కదా?"

హుల్కర్ వేలు తెగినప్పుడు మొగుడు ఎర్గాష్ అడిగిన మొదటి మాట అది. పొరుగింటి పెళ్ళి పలావు కోసం వీధిలో ఆడవాళ్ళంతా కూర్చుని క్యారెట్లు తరుగుతున్నారు. ఎడమచేతి చూపుడు వేలి కొస, గోటి ముక్కతో సహా, పోయింది. అది క్యారెట్లలో పడలేదని తేలాకే అతను కారు తీశాడు.

ఫెర్గానా పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఎముక కాస్త కత్తిరించి కుట్టేస్తే రెండు వారాల్లో పనికొస్తుంది, వేలు మాత్రం పొట్టిదైపోతుంది. లేదా పల్చటి ప్లాస్టిక్ పొరలాంటి పట్టీ అంటించి వదిలేస్తే కండ దానంతటదే పెరుగుతుంది.

"ఆరు వారాలు పట్టొచ్చు. వారానికోసారి నేనే మారుస్తాను. నీళ్ళు తగలకూడదు. కుళ్ళు కంపు కొడుతుంది, భయపడి విప్పేయకండి."

"కుట్టేయండి," అన్నాడు ఎర్గాష్. "ఇరవై రోజుల్లో మా తమ్ముడి పెళ్ళి."

"పట్టీ వేయండి," అంది హుల్కర్. పదకొండేళ్ళ కాపురంలో మొగుడి మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. నొప్పికి నోరు జారిందనుకున్నాడతను.

ఇంటికి రాగానే అత్త హోసియత్ తన కుడిచేతి ఉంగరపు వేలు ఎత్తి చూపించింది. దానికి గోరు లేదు, మొండి. "నాకు తెగలేదూ? పట్టు మిల్లులో తెగితే కత్తిరించి కుట్టారు. పదోనాటికి రొట్టెల పిండి పిసికాను. నీ వేలేమన్నా వజ్రమా, కోడలా?"

వజ్రం కాదు. కానీ నాది, అనుకుంది హుల్కర్. ఈ చేతులు తెల్లారగానే వాకిలి ఊడుస్తాయి, వచ్చినవాళ్ళకీ పోయేవాళ్ళకీ టీ పోస్తాయి, అందరి బట్టలూ పిండుతాయి. వీటిని ఏనాడైనా ఎవరైనా పట్టుకుని చూశారా? తెగాక కూడా ఎన్నాళ్ళకి పనికొస్తాయనే కదా అడిగారు? అలా అనుకుంటుంటే ఆమెకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

రెండో వారానికి కంపు మొదలైంది. ఎర్గాష్ తన పక్క వేరే గదిలోకి మార్చుకున్నాడు. మరిది పెళ్ళిరోజు, పెద్దకోడలైనా సరే, హుల్కర్‌ను భోజనాల దగ్గరికి రావద్దన్నారు. చుట్టాలు వెళ్ళగానే హోసియత్ కత్తెర పట్టుకొచ్చింది.

"కుళ్ళిపోయింది. విప్పు, బూడిద అద్దుతాను."

"ముట్టుకోవద్దు, అత్తయ్యా." హుల్కర్ చెయ్యి గుండెలకు అదుముకుంది. అత్త చెప్పిందే నిజమైతే? చెయ్యంతా పోతే? అయినా చెయ్యి చాచలేదు.

"చచ్చేది నువ్వే," అంది అత్త. ఆ సాయంత్రం గొణుక్కుంటూనే గిన్నెలు తోమింది.

ఆరో వారం పట్టీ తీశారు. హుల్కర్ ఇంటికొచ్చి అత్త పక్కన కూర్చుని చెయ్యి చాపింది. గులాబి రంగు కొస, దానిమీద సన్నటి గీతలు, కొత్తగా గోరంచు. హోసియత్ తన మొండి వేలితో దాన్ని మెల్లగా తడిమింది. చాలాసేపు తడుముతూనే ఉంది.

"నాకూ వదిలేసి ఉంటే, వచ్చేదా?"

హుల్కర్ తెలియదనొచ్చు. పెద్దావిడకు ఇప్పుడెందుకీ బాధ అనుకోవచ్చు.

"వచ్చేదేమో, అత్తయ్యా. మీకెవరూ ఆరు వారాలు ఇవ్వలేదు."

హోసియత్ ఆ వేలు వదల్లేదు. వాకిట్లోంచి ఎర్గాష్ కేకేశాడు, "చెయ్యి బాగైందిగా, టీ ఏదీ?"

హుల్కర్ అలవాటుగా లేవబోయింది. అత్త ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కూర్చో."