యూరియా ఓడ మీద దిష్టిబొమ్మ

నేను ఒక దిష్టిబొమ్మని. కొత్త ఇంటి ముందు వేలాడే గుమ్మడికాయ జాతి కాదు, మిరపతోటలో కాకుల్ని తోలే గడ్డి జాతి అంతకన్నా కాదు. నడిసముద్రంలో యూరియా ఓడకి కాపలా కాసినవాణ్ణి. పాస్‌పోర్టు లేకుండా అన్ని రేవులు తిరిగినవాడు మా వంశంలో నేనొక్కణ్ణే.

నన్నెందుకు పుట్టించారో ముందు చెప్పాలి. మా ఓడ దాటాల్సిన జలసంధి దగ్గర రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. ఈ నీళ్ళు నావంటే నావని వాటి గోల. ఎక్కడో మూడు సముద్రాల అవతల ఉన్న దేశం శాంతి కోసమని యుద్ధనౌకలు పంపింది. ఇంకో దేశం ఎవరి సరుకు ఎవరు కొనకూడదో చెబుతూ ఆంక్షలు పెట్టింది. మా ఓడ సంగతి ఇంకా చిత్రం. జెండా ఒక దేశానిది. ఆ దేశాన్ని ఓడలో ఎవరూ కళ్ళతో చూడలేదు. యజమాని ఒక చోట, బీమా ఇంకో చోట, సరుకేమో మన పొలాలకి. చావడానికి మాత్రం మనుషులు సోంపేట అవతలి సముద్రపు ఒడ్డు నుంచి వచ్చారు.

తుపాకుల కాపలావాళ్ళని పెట్టుకోవడం యజమానికి బరువనిపించింది. కాపలావాళ్ళలా కనబడే బొమ్మలు చేసి రెయిలింగు పక్కన నిలబెట్టండని కబురు పంపాడు. పెద్ద దేశాలు అణుబాంబులు చూపించి ఒకదాన్నొకటి బెదిరించుకుంటుంటే, మావాడు పీలికలతో సరిపెట్టాడన్నమాట.

ఆ పని సరంగు సూరాడ దానయ్య మీద పడింది. డెక్కు మీద పనివాళ్ళందరికీ అతనే పెద్ద. నిలువుకి ఇనప గొట్టం, చేతులకి అడ్డంగా ఇంకో గొట్టం, కడుపులో నూనె తుడిచే పీలికలు, తలకాయకి ప్లాస్టిక్ బంతి. అక్కడితో ఆగితే కంపెనీ బొమ్మనయ్యేవాణ్ణి. దానయ్య తారు తెచ్చి నాకు గుడ్లురిమే కళ్ళు, చెవుల దాకా మీసం దిద్దాడు. తర్వాత తను తొడిగి విడిచిన బాయిలర్ సూటు, అంటే మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే పనిబట్ట, ఉతక్కుండానే నాకు తొడిగాడు.

అది చూసి అతని మేనల్లుడు జగ్గారావు పడీపడీ నవ్వాడు. అతనూ అదే ఓడలో నావికుడు. “మావా, ఇదేటి ఈ ఏసం? కాపలావోడిలాగున్నాడా, జాతరలో పోతురాజులాగున్నాడా?”

“నోర్ముయ్యరా ఎదవా! మనింటి మడిసి ఇడిసిన బట్ట కడితేనే బొమ్మకి బలం. ఒంటి సెవట అంటాల. నీకేటి తెలుస్తాది?”

“అలగైతే నీ లుంగీ కూడా కట్టీ. ఆ కంపుకి తుపాకీలోడు ఆమడ దూరం నుంచే ఎనక్కి తిరిగిపోతాడు.”

దానయ్య తారు కుంచె విసిరాడు. జగ్గారావు వంగాడు. కుంచె కెప్టెన్ తెల్లచొక్కాకి తగిలింది. కెప్టెన్ గ్రీకువాడు. నన్ను ఎగాదిగా చూసి, “దీన్ని చూస్తే ఎవడైనా భయపడతాడా?” అన్నాడు. భయపడకేం! నా మీసం చూసి ఒక సొరచేప పిల్లల్ని వెంటబెట్టుకుని దారి మార్చుకుంది. ఒక సముద్రపు కొంగ గుండాగి డెక్కు మీద పడింది. నమ్మితే నమ్మండి.

నన్నూ, నా తోడబుట్టిన ఇంకో రెండు బొమ్మల్నీ పై అంతస్తులో, కాపలా చూసే వసారాలో నిలబెట్టారు. మధ్యాహ్నం అన్నాలవేళ జగ్గారావు మా పక్కనే నిలబడి దుర్భిణితో సముద్రం చూస్తున్నాడు. అతనిదీ మాలాంటి సూటే, నెత్తిన టోపీ, ఎండకి మొహం నిండా గుడ్డ.

నీళ్ళ మీది ఎండ తళుకులోంచి తుపాకులవాళ్ళతో రెండు పడవలు దూసుకొచ్చాయి, కొట్టుకుంటున్న రెండు దేశాల్లో ఒకదానివి. మా ఓడ పాత యజమాని వాళ్ళ శత్రుదేశం వాడట. ఓడ చేతులు మారి చాలా కాలమైంది. ఆ ముక్క తుపాకులకి ఎవరూ చెప్పలేదు.

మొదటి వరస గుళ్ళకే ఓడ నడిపే బ్రిడ్జి గది అద్దాలు పొడిపొడైపోయాయి. వంటవాడు సాంబారు గిన్నెతో సహా మెట్ల మీద కూలాడు. సైరన్ మోగింది. అందరూ కిందనున్న ఇంజను గదిలోకి పరిగెత్తి ఇనప తలుపు బిగించుకున్నారు. జగ్గారావు దిగాల్సిన మెట్ల మీద గుళ్ళు వడగళ్ళలా పడుతున్నాయి. ఒకటి అతని తొడని చీల్చింది. దిగడానికి దారి లేదు. అతను నా పక్కకొచ్చి, చేతులు రెండూ బార్లా చాచి, కదలకుండా నిలబడిపోయాడు.

మనిషి దిష్టిబొమ్మ కావడం అప్పుడే చూశాను.

ఓడెక్కినవాళ్ళలో ఒకడు తుపాకీతో పైకొచ్చాడు. నా మొహం చూసి ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత నవ్వాడు. ఆ నవ్వుతోనే నా కడుపులో కత్తి దించి కింద దాకా కోశాడు. పీలికలు పేగుల్లా జారాయి. సరదా తీరక నా తలలోకి రెండు గుళ్ళు పేల్చాడు. మిగతావన్నీ బొమ్మలే అనుకున్నాడు కాబోలు, తన తూటాల సంచి తీసి జగ్గారావు చాచిన చేతికి తగిలించి, అతని భుజానికి ఆనుకుని సిగరెట్టు ముట్టించాడు. ఆ చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. నా ఇనప గొట్టమే ఆ రోజు సిగ్గుపడింది.

కింద ఇంజను గదిలో జరిగింది నేను తర్వాత విన్నాను. దానయ్య అందరి మొహాలూ వెతికి, “మా అల్లుడేడీ?” అన్నాడట. తలుపు తీయకూడదని కెప్టెన్ అడ్డం నిలబడ్డాడు. “తీస్తే అందరం చస్తాం.”

“నాను బయటికెల్లినాక మీరు మల్లీ బిగించుకోండి. ఆడి అమ్మకి నా సేత్తో అప్పజెప్పుతానన్నాను. తప్పుకో బాబూ!” కెప్టెన్‌ని పక్కకి తోసి, పెద్ద రెంచీ పట్టుకుని బయటపడ్డాడు.

డెక్కు మీదికి వచ్చి తలెత్తాడు. సరిగ్గా అప్పుడే పైనున్నవాడు తన చెప్పు జారి కిందికి చూశాడు. నెత్తురు. బొమ్మకి నెత్తురు కారదు కదా. వాడు సిగరెట్టు పారేసి, జగ్గారావు మొహం మీది గుడ్డకి చెయ్యి చాచాడు.

“ఒరే! ఇటు సూడరా నాకొడకా! మడిసిని నానున్నాను, ఇటు రా!”

దానయ్య రెంచీ విసిరాడు. అది వాడి దవడకి తగిలి పళ్ళు రాలాయి. వాడు నోట్లోంచి నెత్తురు కక్కుతూనే తుపాకీ తిప్పాడు. దానయ్య ఛాతీ బద్దలైంది. రెయిలింగు పట్టుకుని నిలబడబోయాడు. రెండో వరసకి ఆ చేతులూ వదిలేశాయి. మనిషి వెల్లకిలా సముద్రంలోకి పోయాడు. మేనల్లుడి కళ్ళెదుటే.

జగ్గారావు కదల్లేదు. కదిలితే మావ చావు వృథా అయిపోతుందని అతనికి తెలుసు. దవడ పట్టుకున్నవాడు ఇటు తిరిగేలోపు ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడైంది. శాంతి దేశం వాళ్ళది. అంతా అయ్యాక బాగానే వచ్చింది. తుపాకులవాళ్ళు పడవల్లోకి దూకారు. తర్వాత జగ్గారావు చేతులు దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

ఆ వారం దేశాలన్నీ తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాయి. ఎంత తీవ్రంగానంటే, సభలో కుర్చీలకి కూడా చెమటలు పట్టాయని విన్నాను. సరుకు క్షేమమని కంపెనీ ప్రకటించింది. యూరియా ధర పెరిగింది. ఓడలు చుట్టుదారి పట్టాయి. దానయ్య మాత్రం దొరకలేదు.

నన్ను ఆఫీసులో అద్దాల పెట్టెలో పెడతామని యజమాని కబురు పెట్టాడు. జగ్గారావేమో నన్ను గోనెలో చుట్టి ఊరికి తెచ్చేశాడు. మావ పోయిన రోజు నుంచి అతను ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవలేదు.

శవం లేని చావుకి దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలన్నారు పెద్దలు. దానయ్య పెళ్ళాం ఈరమ్మ గోనె విప్పి నన్ను బయటికి లాగింది. చిరిగిన సూటుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “దర్బలెందుకు? ఆడి బట్ట కట్టి, ఆడితోపాటు దెబ్బలు తిన్నోడు ఈడున్నాడు కదా. ఈడినే ఎట్టండి.”

సముద్రపు ఒడ్డున నన్ను కట్టెల మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు నన్ను దానయ్య పేరు పెట్టి పిలిచి ఏడ్చారు. ఇంత మర్యాద మా జాతిలో ఎవరికీ దక్కి ఉండదు. నేను దానయ్యని కానని అందరికీ తెలుసు. ఒక్క క్షణం నేనే మరిచిపోయాను.

నిప్పు పట్టుకుని జగ్గారావు కొయ్యలా నిలబడిపోయాడు. ఈరమ్మ లేచి వచ్చి అతని చెంప పగలగొట్టింది.

“ఏడవరా! ఇక్కడ నిన్ను సంపడానికి ఎవుడూ లేడు. ఏడు!”

“మావా!”

ఆ కేకకి అవతల వలలు సర్దుకుంటున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. అతని చేతిలోంచి జారిన నిప్పుకి నాకప్పటికే పాదాలు అంటుకున్నాయి.