ఏ అది?

ఇల్లంతా పాలవాసన.

పొయ్యి మీద పాలు లేవు. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. వాసన అమ్మ జాకెట్టులోంచి వస్తోంది — తడిసి, ఆరి, మళ్ళీ తడిసి…

తాగే నోరు లేదు. ఆ సంగతి పాలకి ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. నెలలు నిండకుండానే కాన్పయింది. కడుపులోనే కదలిక ఆగిపోయిందట. నాన్న ఒక గుడ్డమూట పట్టుకుని ఎటో వెళ్ళాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. మోటార్లు బాగుచేసే తన షాపుకి వెళ్ళిపోయాడు.

పుట్టింది ఎవరో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

"అది నిలవలేదు," అంది నాయనమ్మ, చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో.

నిలవలేదు.

మొక్కయితే ఎండిపోయింది అంటారు. దీపమైతే ఆరిపోయింది. కుక్కయితే చచ్చిపోయింది. మనిషైతే — కాస్త గొంతు తగ్గించి — పోయాడు.

నిలవలేదు అన్నది నీళ్ళ మాట. చిల్లిపడ్డ కుండ మాట.

మా చెల్లిని అందరూ బుడ్డది అంటారు. ఇంకా బడికి పోదు. దాని లోకంలో అది, ఇది అన్న మాటలే లేవు. చీమ — వాడు. కాకి — ఆయన. పెరట్లో బీరతీగ — ఆమె. అమ్మ కుట్టుమిషను కూడా ఆయనే.

అమ్మ కాన్పుకి వెళ్ళకముందు ఒకరోజు దిద్దబోయాను.

"మిషనుకి ప్రాణం లేదే. కదలాలి, తినాలి, పెరగాలి. అప్పుడే ప్రాణం ఉన్నట్టు." మా పాఠంలో ఉన్నదే చెప్పాను.

"కదులుతున్నాడుగా. దారం తింటున్నాడుగా."

"పెరగడుగా?"

"నాయనమ్మ పెరుగుతోందా మరి?"

"నేను పెరక్కపోతే ఏం, దీని నోరు పెరుగుతోంది చాలు," అంది నాయనమ్మ. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. లోపల ఎవరో తన్నారని మళ్ళీ నవ్వింది.

ఇప్పుడు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటుంది. భుజాలు కదిలితే చాలు, నాయనమ్మ పక్కన కూర్చుంటుంది. వీపు నిమురుతుంది. నిమురుతూనే అంటుంది.

"దేనికే ఈ ఏడుపు? పేరు పెట్టామా, మొహం చూశామా? ఒళ్ళు పాడుచేసుకోకు."

"అయిపోయిందిగా. వదిలెయ్," అంటాడు నాన్న. చొక్కా గుండీల వైపు చూసుకుంటూ.

"మళ్ళీ అవుతుందిలే," అంటుంది పక్కింటావిడ.

అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంటుంది.

ఏడవాలంటే ఒక మనిషి పోయి ఉండాలి. మా ఇంట్లో ఎవరూ పోలేదు…

ఒక మధ్యాహ్నం అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే ఆవిడ వచ్చింది. నాయనమ్మ మొదలుపెట్టింది.

"అది నిలవలేదమ్మా…"

నేల మీద చీమలతో ముచ్చట్లాడుతున్న బుడ్డది తలెత్తింది.

"ఏ అది?"

"ఏంటే?"

"కుర్చీ అదా? లేకపోతే నన్నంటావు కదా — అది అన్నం తిందా, అది పడుకుందా అని. ఆ అదా?"

 

అప్పుడు మంచం మీంచి అమ్మ గొంతు వచ్చింది. ఎండిపోయి, బొంగురుగా.

"నీలాంటి అదే, తల్లీ."



"చూశాను అత్తయ్యా. గుడ్డ చుట్టే ముందు చూశాను. నుదుటి మీదికి జుట్టు… దీనికున్నట్టే."

మగపిల్లాడు పుట్టగానే వాడు అవుతాడు. ఆడపిల్లా, కుర్చీ, వానా, చీపురూ — అందరం అదే. ఎన్నేళ్ళుగానో ఆడుతున్న మాట. దాని కింద ఒక పాపను దాచేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నాయనమ్మ లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇవ్వడం మరిచిపోయి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇప్పుడు ఎక్కడుంది?" అంది బుడ్డది.

ఆ జవాబు నాన్న ఒక్కడికే తెలుసు. ఆయన్ని అడిగేవాళ్ళు లేరు.

ఇంట్లో మాట ఏమీ మారలేదు. నాయనమ్మ ఇప్పటికీ నిలవలేదనే అంటుంది — అమ్మకి వినపడకుండా, వీధి అరుగు దగ్గర.

సాయంత్రం నాన్న షాపు నుంచి వస్తాడు. సైకిలు ఆనించి, లోపలికి వస్తూనే అడుగుతాడు.

"అది వచ్చిందా?"

నా గురించే. బడి నుంచి ఆయన వెనకే వచ్చి, గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటూ ఉంటాను. లోపల మంచం కిర్రుమంటుంది. అమ్మ గబుక్కున లేచి కూర్చుంటుంది. గుమ్మం వైపు చూస్తుంది.

నేను లోపలికి వస్తాను.

అమ్మ నన్ను చూస్తుంది. తర్వాత — నా వెనక్కి చూస్తుంది…