వినపడలేదు, వినలేదు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెని అందరూ రోలరమ్మ అనేవాళ్ళు. తడి దుప్పటిని ఒక పక్క నుంచి పంపితే వేడి రోలర్ల మధ్య నలిగి, అవతలి పక్క ఫెళఫెళలాడుతూ బయటికొచ్చే పెద్ద ఇస్త్రీ యంత్రం ఆమెది. పన్నెండేళ్ళుగా దాని ముందే నిలబడింది. అది దగ్గినా తుమ్మినా ఎందుకో చెప్పేసేది. అవతలి పక్క దుప్పట్లు అందుకుని మడతపెట్టే ముసలాయన్ని బాబాయ్ అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకున్న చనువు, అంతే.

ఆ ఉద్యోగం ఇప్పించింది వదిన, అంటే సొంత అన్న భార్య. పైఅంతస్తులో ఆఫీసు గుమాస్తా. లాండ్రీ నుంచి వెళ్ళే ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ఆవిడే రాసేది. సూపర్‌వైజర్ కూడా తను రాసుకున్న కాగితం ఆవిడ ముందు పెట్టి, "తప్పులుంటే దిద్దమ్మా" అనేవాడు. రోలరమ్మ చదువు ఏడో క్లాసుతో ఆగిపోయింది. అందుకే వదినంటే ఆమెకి ఒక పాలు భయం, మూడు పాళ్ళు గర్వం.

యంత్రానికి అవతలి పక్క ఎర్ర బటన్ ఒకటుంది. ఎవరి చెయ్యైనా చిక్కుకుంటే అది నొక్కాలి. నొక్కితే ఇటు పక్క బెల్లు మోగుతుంది, ఎర్రలైటు వెలుగుతుంది. పాత యంత్రం కాబట్టి ఆపే లివరు ఇటు పక్కే ఉంది. ఒకరోజు మెకానిక్ వచ్చి చూసి, బెల్లు కాలిపోయిందని, కొత్తది వెయ్యాలని కాగితం రాసిచ్చాడు. రోలరమ్మ ఆ కాగితాన్ని తీసుకెళ్ళి వదిన చేతికే ఇచ్చింది.

"పైకి పంపిస్తాలే," అంది వదిన.

మూడు వారాలు గడిచాయి, బెల్లు రాలేదు. ఆ మూడో వారం చివర్లోనే ఒక మధ్యాహ్నం బాబాయ్ చెయ్యి రోలరు కింద ఇరుక్కుంది. ఆయన బటన్ నొక్కాడు, గొంతు చించుకుని అరిచాడు. ఇవతల ఆవిరి కమ్మేసి ఉంది, మోటార్ల రొదలో పక్కవాళ్ళ మాటే తెలియదు. దుప్పటి ఎందుకో ముడతపడి ఆగుతోందని అనుమానం వచ్చి రోలరమ్మ లివరు లాగింది. అప్పటికే రెండు వేళ్ళు కాలిపోయాయి.

మర్నాడు వాంగ్మూలం ఇంగ్లీషులో ఇవ్వాలన్నారు. వదినే కాగితం ముందేసుకుని కూర్చుంది. "నువ్వు చెప్పు, నేను రాస్తా."

"బెల్లు వినపడలేదు వదినా, నీకు తెలుసుగా. లైటు కనపడలేదు, ఆవిరి ఉంది కదా. బాబాయ్ అరుపు కూడా వినపడలేదు."

వదిన గుండ్రటి అక్షరాలతో నాలుగు లైన్లు రాసింది. రోలరమ్మ వచ్చే ఏడుపు ఆపుకుంటూ తెలుగులో సంతకం పెట్టింది. ఒక నకలు మడిచి సంచిలో పెట్టుకుంది.

పది రోజుల తర్వాత ఆమెని యంత్రం దగ్గర్నుంచి తీసేసి, నెత్తుటి మరకల దుప్పట్లు వేరుచేసే గదికి మార్చారు. ఎందుకని అడిగితే వదిన నిట్టూర్చింది. "పైవాళ్ళ ఇష్టం. ఉద్యోగం నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది." ఆ మాటకి రోలరమ్మ వదిన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

బాబాయ్ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆయనకి దుప్పట్లు ఇచ్చే కిటికీ దగ్గర పనిచ్చారు. ఆమె పలకరిస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడు. దెబ్బ తిన్న మనిషి, కోపం ఉండదా అని సరిపెట్టుకుంది.

కొత్త గదిలో పని నాలుగింటికే అయిపోయేది. ప్రతి మెమో పట్టుకుని వదిన దగ్గరికి పరిగెత్తడం సిగ్గనిపించి, రెండు వీధుల అవతల లైబ్రరీ పైగదిలో ఇంగ్లీషు క్లాసులో చేరింది. పాఠం చెప్పే మేష్టారు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయినాయన. ఒక్క మాట తేడాతో కొంపలు కూలడం కళ్ళారా చూసినవాడు కాబట్టి క్రియల దగ్గర ఎవర్నీ వదిలేవాడు కాదు.

ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు బోర్డు మీద సీ, లుక్ అని ఒక జత, హియర్, లిజన్ అని ఒక జత రాశాడు.

"కళ్ళు తెరిచుంటే దానంతటదే పడేది సీ. మీరు కావాలని కళ్ళు పెడితే లుక్. హియర్, లిజన్ కూడా ఇంతే. హియర్ చెయ్యలేదంటే వినపడలేదని. లిజన్ చెయ్యలేదంటే వినలేదని. మన భాషలో ఈ రెంటికీ ఎంత దూరమో అక్కడా అంతే దూరం. మొదటిదానికి ఎవరూ శిక్ష వెయ్యరు."

రోలరమ్మకి బోర్డు మీది లిజన్ అన్న మాట ఎక్కడో చూసినట్టనిపించింది. క్లాసయ్యాక సంచిలోంచి నకలు తీసి మేష్టారికిచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"బెల్లుని మీరు వినలేదని ఉందమ్మా ఇందులో. లైటు వైపు చూడలేదని ఉంది. ఆయన అరుపు పట్టించుకోలేదని ఉంది. మీరే చెప్పారా ఇలా?"

"వినపడలేదనే చెప్పానండీ."

"మీరు వినలేదు అనాలంటే ముందు బెల్లు మోగాలిగా. మోగిందా?"

"మోగలేదండీ. మూడు వారాల ముందే కాలిపోయింది. ఆ కాగితం మా వదినకే ఇచ్చాను."

మేష్టారు కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

ఆదివారం దాకా ఆమె మనసు వదిన పక్షానే వాదించింది. తొందర్లో రాసుంటుంది. ఎంత చదువుకున్నా ఎక్కడో పొరపాటు పడదా? ఆదివారం పొద్దున్నే అన్న ఇంటికెళ్ళింది. అన్న ఇంకా లేవలేదు. వదిన వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. రోలరమ్మ పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

"క్లాసులో ఓ మాట తెగట్లేదు వదినా. హియర్ అన్నా లిజన్ అన్నా ఒకటేనా?"

వదిన నవ్వింది. "ఒకటెలా అవుతుందే? వీధిలో కుక్క మొరిగితే నీ చెవిన పడుతుంది. అది హియర్. అందులో నీ ప్రమేయం లేదు. ఇప్పుడు నేను చెప్తుంటే చెవొగ్గి వింటున్నావు చూడు, అది లిజన్. ఎవరైనా లిజన్ చెయ్యలేదంటే..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో కాయ సగం విరిగి ఉంది.

"అంటే?" అంది రోలరమ్మ.

వదిన తలెత్తలేదు. "నీ కాగితం ఎవరు చదివారు?" అంది.

అలా రాయలేదని అంటుందేమోనని రోలరమ్మ ఎదురుచూసింది. ఆ మాట రాలేదు.

"మెకానిక్ కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది," అంది వదిన. "మర్చిపోయాను. ప్రమాదం జరిగాక చూసుకుంటే పై ప్రాణాలు పైనే పోయాయి. అది బయటపడితే నా ఉద్యోగం ఊడేది. మీ అన్నయ్యకి అప్పటికి పని లేదు. నీకైతే మహా అయితే చోటు మారుస్తారు, అంతే కదా అనుకున్నా."

"బాబాయ్ తొమ్మిది నెలలుగా నా మొహం చూడట్లేదు."

"నువ్వు నాకు పరాయిదానివా? ఇంటి కోసమని అడిగుంటే నువ్వే ఒప్పుకునేదానివి."

"ఒప్పుకునేదాన్నేమో వదినా. నువ్వు అడగలేదుగా."

ఈనెలు తీసిన కాయలు పళ్ళెంలో పెట్టి లేచొచ్చేసింది. దారంతా ఆమెకి ఒకటే తొలిచింది. తను ఏడుపు ఆపుకుంటూ చెప్తుంటే, వదిన పక్కన కూర్చుని వింటూనే, ఏ మాట రాస్తే తను మునుగుతుందో వెతికి మరీ రాసింది.

సోమవారం కిటికీ దగ్గరికెళ్ళి, బాబాయ్ మొహం తిప్పుకున్నా కదలకుండా నిలబడి మొత్తం చెప్పింది. ఆయన దుప్పట్ల కట్ట మీద ఎడమచెయ్యి పెట్టుకుని విన్నాడు.

"నా అరుపు తెలిసి కూడా పట్టించుకోలేదని నువ్వే రాసిచ్చావన్నారు," అన్నాడు. "వేళ్ళు పోయినందుక్కాదమ్మా. పన్నెండేళ్ళు ఎదురుగా నిలబడ్డ మనిషి అంత మాట ఎలా రాసిందా అని."

ఆయన లోపలి నుంచి స్టూలు జరిపి, "కూర్చో," అన్నాడు.

కొత్త వాంగ్మూలం తనే రాసింది. మేష్టారు అక్షర దోషాలు మాత్రం దిద్దాడు. పైవాళ్ళు మెకానిక్‌ని పిలిచి అడిగితే, తన పుస్తకంలో రాసుకున్న తేదీ చూపించాడు. మొదటిసారే ఎందుకు చెప్పలేదంటే, "నన్నెవరు అడిగారు?" అన్నాడు. నెల తిరక్కుండా రోలరమ్మని పాత పనికి పంపారు. వదినని ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, ఊరి చివర గోడౌన్‌కి మార్చారు.

అన్న ఫోన్ చేశాడు. "ఇంటి మనిషిని వీధిలో నిలబెట్టావు. ఇంక నా గుమ్మం తొక్కకు."

"ముందు నన్నెవరు నిలబెట్టారో అడిగావా వదినని?"

"ఆవిడ మన కోసమే చేసింది."

"మీ కోసం," అంది రోలరమ్మ. అన్న ఫోన్ పెట్టేశాడు.

పాత పనిలో చేరిన రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అలవాటుగా పైఅంతస్తు మెట్లెక్కింది. అన్నేళ్ళూ వదినతో కలిసే తినేది. సగం ఎక్కాక గుర్తొచ్చింది, ఆ కుర్చీలో ఇప్పుడు వేరే ఎవరో ఉన్నారని. దిగి కిందికి వెళ్ళబుద్ధి కాలేదు, పైకి వెళ్ళే పనీ లేదు. ఆ మెట్టు మీదే కూర్చుని డబ్బా మూత తీసింది. నాలుగు ముద్దలు తిన్నాక మళ్ళీ మూత పెట్టేసింది.