అడ్డవరస లేని నెట్టు

ఓట్ల లెక్కింపు ముగిసిన మర్నాడు పొద్దున్నే మా గోదాముల గేటు దగ్గర గెలిచిన పార్టీ వాళ్లు ముప్పైరెండు మంది హమాలీలను ఆపేశారు. ఓడిన పార్టీ యూనియన్‌లో ఉండడమే వాళ్ల నేరం. కిందటి ఎన్నికలప్పుడు ఇదే గేటు దగ్గర అవతలి యూనియన్ వాళ్లను ఆపి, ఆర్నెల్లు పస్తులుంచాక లోపలికి రానిచ్చారు. రెండుసార్లూ ఎవరెవరు ఏ పార్టీయో చెప్పింది నేనే. వాళ్లలో వాళ్లు కొట్టుకున్నంత కాలం కూలి పెంచమనేవాడు ఉండడని నా లెక్క. వ్యాపారిని కదా, పార్టీలను కూడా సరుకులాగే చూశాను.

ఆపినవాళ్లలో నిచ్చెన ఉన్నాడు. పొడుగు మనిషి కాబట్టి ఆ పేరు. బస్తాలు పేర్చి నెట్టు కట్టడంలో అతణ్ని మించినవాడు లేడు. ఒక వరస నిలువు, దాని మీద ఒక వరస అడ్డం. అలా ఒకదాన్నొకటి పట్టుకుంటేనే నెట్టు నిలుస్తుంది. అతని చెల్లెలి మొగుడు గెలిచిన పార్టీ యూనియన్‌లో ఉన్నాడు గనక లోపలే మిగిలాడు. కానీ బయటపడ్డవాళ్ల స్థానంలో పార్టీ పంపిన కొత్తవాళ్లకు జెండా పట్టుకోవడమే తప్ప బస్తా పట్టుకోవడం తెలియదు. పని తొందరగా తెమిలిపోతుందని అన్ని వరసలూ నిలువుగానే వేసుకుంటూ పోయారు.

మూడో రోజు ఆ చెల్లెలి మొగుడు నా దగ్గరికొచ్చాడు.

"అడ్డవరస వెయ్యట్లేదు షావుకారూ. ఇది నిలవదు. మా బావని ఒక్క పూట రానివ్వండి, నేర్పి పోతాడు."

"మీ పార్టీ వాళ్లేగా, నువ్వే చెప్పుకో."

"నిచ్చెన చుట్టాన్నని నన్నే అనుమానిస్తున్నారు. మీరొక్క మాట అంటే చాలు."

నేను నెట్టు వైపు చూశాను. నలభై ఏళ్లుగా గోదాముల్లో తిరిగినవాణ్ని, నాకు తెలియకపోలేదు. గెలిచినవాళ్ల మనుషులతో నాకెందుకని, లారీ ఆగి ఉంది చూడు, పోయి పని చూసుకోమన్నాను.

మధ్యాహ్నం నెట్టు విరిగి అతని మీద పడింది. బస్తాలు తొలగించేసరికి ప్రాణం లేదు.

నిచ్చెన గేటు తోసుకుని వచ్చాడు. వెనక ముప్పైఒక్క మంది. ఈసారి ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. రెండు యూనియన్ల వాళ్లూ శవం చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి రెండు పార్టీల నాయకులూ జెండాలతో దిగి, మావాడంటే మావాడని వాదులాడుకున్నారు. నిచ్చెన చుట్టమని ఓడినవాళ్లూ, తమ సభ్యుడని గెలిచినవాళ్లూ. కబురంది వచ్చిన అతని భార్య, నిచ్చెన చెల్లెలు, తల ఎత్తకుండానే అంది.

"బతికుండగా ఈయన మాట ఒక్కడూ వినలేదు. ఇప్పుడు జెండా గుడ్డలు కప్పుతారా? తీసుకుపొండి."

నాయకులు వెనక్కి తగ్గారు. హమాలీలు అక్కడికక్కడే తేల్చుకున్నారు. పార్టీ ఏదైనా అందరికీ గేటు తెరవాలి, ఆమెకు పరిహారం ఇవ్వాలి, అంతవరకూ ఒక్క బస్తా కదలదు. గెలిచిన పార్టీ యూనియన్‌లోని పాతవాళ్లూ సరేనన్నారు. లారీలు వరసగా ఆగిపోయాయి.

పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చనిపోయినవాడే తప్పుగా నెట్టు కట్టాడనీ, నిచ్చెన జనాన్ని రెచ్చగొట్టాడనీ రాసిన కాగితం నా ముందు పెట్టాడు. సంతకం చేశాను.

నిచ్చెనను వ్యాన్ ఎక్కించగానే మిగతావాళ్లు కూడా ఎక్కబోయారు. చోటు చాలక వ్యాన్ వెనకే నడిచారు. సాక్షినని నన్ను జీపులో తీసుకెళ్లారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ నా కాగితం చదివి వినిపించాడు. గుమ్మం నిండా ఉన్న జనంలోంచి కొత్త హమాలీ ఒకడు ముందుకొచ్చాడు. గెలిచిన పార్టీ పంపినవాడే.

"అబద్ధం సార్. నెట్టు కట్టింది మేం. తప్పురా, అడ్డవరస వెయ్యండ్రా అని ఆయన పొద్దుట్నుంచీ మొత్తుకున్నాడు. ఈ షావుకారుకి కూడా చెప్పాడు. మేం విన్నాం."

అప్పుడైనా నేను ఔనని ఉండాల్సింది. అనలేదు. ఆ ఒక్క మాట అనలేకపోయినందుకే ఇవాళ మీలాంటి కార్మికుల ముందూ, విద్యార్థుల ముందూ ఇదంతా చెప్పుకుంటున్నాను.

వాళ్లు నా జవాబు కోసం ఆగలేదు. "ఇప్పుడు మా మాట రాసుకోండి" అంది చనిపోయినవాడి భార్య, ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు నేల మీద కూర్చుంటూ. ఆమె పక్కన కొత్తవాడు కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే, గదిలో, మెట్ల మీద, రోడ్డు దాకా అందరూ కూర్చున్నారు.